ఫైర్‌వాల్ మీద పడిన నింద: లాగ్‌లు, గడియారాలు, ఒక కేస్ స్టడీ

ఇది ఒక మధ్యస్థాయి సంస్థ నెట్‌వర్క్. ప్రధాన కార్యాలయంలో నెట్‌వర్క్‌కి కేంద్రంగా ఉండే రెండు కోర్ స్విచ్‌లు (కోర్-1, కోర్-2), ఒకటి పనిచేస్తుంటే ఇంకొకటి సిద్ధంగా ఉండే యాక్టివ్-స్టాండ్‌బై పద్ధతిలో ఒక జత ఫైర్‌వాల్స్ (ట్రాఫిక్‌ను వడకట్టే పరికరాలు), బ్రాంచీలను కలిపే రెండు వ్యాన్ రౌటర్లు, అంతస్తుకు కొన్ని యాక్సెస్ స్విచ్‌లు (కంప్యూటర్లు నేరుగా తగిలేవి) ఉన్నాయి. బయట బ్రాంచీలు ఉన్నాయి. అన్ని పరికరాలూ లాగ్‌లను, అంటే ఎప్పుడు ఏం జరిగిందో చెప్పే లైన్లను, ఒకే లినక్స్ సర్వర్‌కి పంపుతాయి. అక్కడ ఆర్‌సిస్‌లాగ్ అనే ప్రోగ్రామ్ వాటిని ఒకే ఫైల్‌లో రాస్తుంది.

పని వేళల్లో ఉన్నట్టుండి బ్రాంచీల కనెక్షన్ తెగిపోయేది. రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తిరిగి వచ్చేది. ఎవరూ చెయ్యి పెట్టకుండా బాగైపోయే సమస్య ఇంజనీర్లను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. మనం లాగిన్ అయ్యేసరికి అంతా పచ్చగా ఉంటుంది. ఆధారంగా మిగిలేది లాగ్ ఒక్కటే.

నన్ను పిలిచేటప్పటికే వాళ్ల టీమ్ కారణం తేల్చేసింది. చివరిసారి అంతరాయం వచ్చిన రోజు లాగ్‌లు తీసి, టైమ్‌స్టాంప్ (లైన్ మీద పరికరం రాసిన సమయం) ప్రకారం సార్ట్ చేశారు. అందులో 11:19:13కి ఫైర్‌వాల్ ఫెయిలోవర్ అయింది, అంటే స్టాండ్‌బై యూనిట్ పని అందుకుంది. 11:20:08కి కోర్-1 మీద మ్యాక్ ఫ్లాప్ మెసేజ్‌లు (ఒకే హార్డ్‌వేర్ చిరునామా వేర్వేరు పోర్టుల్లో కనిపిస్తోందని చెప్పేవి) మొదలయ్యాయి. 11:20:47కి వ్యాన్ రౌటర్ దగ్గర ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారుల వివరాలు పంచుకునే ప్రోటోకాల్) పొరుగు సంబంధం తెగింది. చదివితే కథ సరిగ్గానే కుదురుతుంది. ఫైర్‌వాల్ పాత్రలు మారినప్పుడు దాని మ్యాక్ అడ్రస్ ఒక పోర్టు నుంచి ఇంకో పోర్టుకు వెళ్తుంది కాబట్టి మ్యాక్ ఫ్లాప్ రావడం సహజమే. ఆ గందరగోళంలో ఓఎస్‌పీఎఫ్ పడిపోయిందనుకోవడం కూడా సహజమే. ఫైర్‌వాల్ జతను మార్చేయాలని ప్రతిపాదన సిద్ధమైంది. కొనే ముందు ఒకసారి బయటివాళ్లతో చూపించుకుందాం అన్నారు.

వాళ్ల తర్కంలో నాకు లోపం కనపడలేదు. నన్ను ఆపింది ఒక్కటే: మూడు పరికరాలు చెప్పిన మూడు సమయాలను ఒకే గడియారం చెప్పినట్టు పక్కపక్కన పెట్టారు.

నక్షత్రం, చుక్క

సార్ట్ చేసిన ఫైల్ పక్కన పెట్టి అసలు ఫైల్ అడిగాను. ఆర్‌సిస్‌లాగ్ లైన్లను వచ్చిన వరుసలోనే ఫైల్ చివర చేరుస్తూ పోతుంది. కాబట్టి ముట్టుకోని ఫైల్‌లో పై నుంచి కిందికి ఉన్నది సర్వర్‌కి చేరిన వరుస. లాగ్‌లు వచ్చేది యూడీపీలో, అంటే చేరిందో లేదో చూడకుండా పంపే పద్ధతిలో; అందులో కొన్ని మిల్లీసెకన్ల తేడాతో వచ్చేవి అటూఇటూ కావచ్చు గానీ సెకన్ల లెక్కలో ఆ వరుసను నమ్మొచ్చు. సార్ట్ చేయడంతోనే ఆ సమాచారం పోయింది.

అసలు ఫైల్‌లో ఫైర్‌వాల్ ఫెయిలోవర్ లైన్ మ్యాక్ ఫ్లాప్ లైన్ల కింద ఉంది. దాని మీద రాసిన సమయం మాత్రం 55 సెకన్లు ముందుది.

ఇంకా ఆసక్తికరమైనది వీటన్నిటికీ పైన కనిపించింది. మూడో అంతస్తు యాక్సెస్ స్విచ్ నుంచి వచ్చిన లింక్ అప్ మెసేజ్ (ఒక పోర్టు పనిలోకి వచ్చిందని చెప్పేది) అది. టైమ్‌స్టాంప్ చూస్తే మే 9, తెల్లవారుజాము 03:41. అంతరాయం వచ్చిన తేదీకీ దానికీ సంబంధం లేదు. టీమ్ ఆ రోజు తేదీతో వెతికింది కాబట్టి ఈ లైన్ వాళ్ల కంటపడే అవకాశమే లేదు. ఆ అంతస్తు స్విచ్‌లు పంపిన ఏ లైనూ వాళ్ల విశ్లేషణలోకి రాలేదు.

ఆ మే 9 ఎక్కడి నుంచి వచ్చింది? సిస్కో పాత కేటలిస్ట్ స్విచ్‌లు చాలావాటిలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. ఆన్ అయిన ప్రతిసారీ వాటి సమయం 1993 మార్చి 1, 00:00 దగ్గర మొదలవుతుంది. నెట్‌వర్క్ ద్వారా సరైన సమయం అందించే ఎన్‌టీపీ ఇవ్వకపోతే అక్కడి నుంచే లెక్కపెట్టుకుంటూ పోతాయి. మార్చి 1 తర్వాత 69 రోజులకు మే 9 వస్తుంది. అంటే ఆ స్విచ్ ఆన్ అయి 69 రోజుల 3 గంటల 41 నిమిషాలు అయిందన్నమాట. పరికరాలు లాగ్ పంపే పాత సిస్‌లాగ్ పద్ధతిలో, అంటే 2001లో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే ఇంటర్నెట్ పత్రంగా రాసిపెట్టిన దానిలో, టైమ్‌స్టాంప్‌లో నెల, తేదీ, గంట, నిమిషం, సెకను మాత్రమే ఉంటాయి. సంవత్సరం ఉండదు, టైమ్‌జోన్ ఉండదు. 1993 అని కనిపించి ఉంటే ఎవరికైనా అనుమానం వచ్చేది. ఒట్టి మే 9 ఏ సంవత్సరంలోనైనా ఉంటుంది.

నిజానికి ఆ లైన్ తన గురించి తానే హెచ్చరించింది. సమయం ముందు ఒక నక్షత్రం గుర్తు ఉంది. సిస్కో పరికరాల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్‌లో దానికి స్పష్టమైన అర్థం ఉంది: ఈ గడియారం నమ్మదగినది కాదు. చుక్క ఉంటే, ఒకప్పుడు సరిగ్గా పెట్టారు గానీ ఇప్పుడు ఎన్‌టీపీతో సింక్ లేదని అర్థం. ఏ గుర్తూ లేకపోతే పరికరం తన సమయాన్ని నమ్ముతోందని అర్థం. లాగ్ సర్వర్లలో లైన్‌ను విడదీసే పార్సర్లు చాలావరకు ఈ గుర్తును చెత్తగా భావించి తీసేస్తాయి. దాన్ని తీసేయకూడదని నేను గట్టిగా అంటాను. ఆ ఒక్క అక్షరాన్ని విడి ఫీల్డ్‌గా దాచుకుంటే ఏ పరికరం సమయాన్ని నమ్మకూడదో ఏ కొలతా లేకుండానే తెలుస్తుంది.

ఎంత తప్పిందో కొలవడం

తర్వాతి పని, ప్రతి పరికరం గడియారం అసలు సమయానికి ఎంత దూరంలో ఉందో తేల్చడం. ముందు లాగ్ సర్వర్ గడియారాన్నే తనిఖీ చేశాం. అది క్రోనీ అనే ఎన్‌టీపీ ప్రోగ్రామ్‌తో బయటి సర్వర్లకు సింక్ అయి ఉంది, తేడా మిల్లీసెకన్లలోనే ఉంది. ఆ తర్వాత ఒక చిన్న స్క్రిప్ట్ రాశాం. అది పరికరంలోకి లాగిన్ అయిన ఎస్‌ఎస్‌హెచ్ సెషన్‌లో షో క్లాక్ (సమయం చూపే కమాండ్) అడిగే ముందు సర్వర్ సమయం రాసుకుంటుంది, జవాబు రాగానే మళ్లీ రాసుకుంటుంది. ఆ రెండింటికీ సరిగ్గా మధ్య సమయాన్ని పరికరం చెప్పిన సమయంతో పోలుస్తుంది.

ఎన్‌టీపీ చేసేది కూడా స్థూలంగా ఇదే. క్లయింట్ పంపిన సమయం, సర్వర్ అందుకున్న సమయం, సర్వర్ తిరిగి పంపిన సమయం, క్లయింట్ అందుకున్న సమయం అని నాలుగు గుర్తులు తీసుకుంటుంది. వెళ్లడానికీ రావడానికీ ఒకే సమయం పట్టిందని అనుకుని తేడా లెక్కకడుతుంది. దారి ఒకవైపు నెమ్మదిగా ఉంటే లెక్కలో తప్పు వస్తుంది గానీ ఆ తప్పు మొత్తం రాకపోకల సమయంలో సగానికి మించదు. మన అవసరానికి ఒక సెకను లోపు తేలితే చాలు, కాబట్టి షో క్లాక్ పద్ధతి సరిపోయింది.

కోర్-1, వ్యాన్ రౌటర్లు సరిగ్గా ఉన్నాయి. ఫైర్‌వాల్ 76 సెకన్లు వెనకబడి ఉంది. కోర్-2 కూడా అంతే వెనకబడి ఉంది. రెండూ ఒకే మేరకు తప్పడం గమనించదగ్గ విషయం, దాని దగ్గరకు తర్వాత వస్తాను.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈరోజు కొలిచిన తేడా, సంఘటన జరిగిన రోజు ఉన్న తేడా కాదు. తప్పిన గడియారం అక్కడే నిలబడదు, ఇంకా తప్పుతూనే ఉంటుంది. మర్నాడు అదే వేళకు మళ్లీ కొలిస్తే తేడా సుమారు 1.7 సెకన్లు పెరిగింది. రోజుకు 86,400 సెకన్లలో 1.7 అంటే పది లక్షలకు 20 వంతులు. సాధారణ క్వార్ట్జ్ స్ఫటికం ఆ మాత్రం తప్పడం మామూలే. మొదటి కొలతకు మూడు రోజుల ముందు సంఘటన జరిగింది. వెనక్కి లెక్కేస్తే ఆ రోజు ఫైర్‌వాల్ 71 సెకన్లు వెనక ఉంది.

యాక్సెస్ స్విచ్‌కీ ఇలాగే చేశాం. దాని గడియారం సంవత్సరాల తేడాతో ఉన్నా, ఆన్ అయినప్పటి నుంచి ఆగకుండా లెక్కపెట్టే కౌంటర్‌గా అది నమ్మదగినదే.

సరిచేసిన వరుస

దిద్దిన సమయాలతో రాస్తే ఆ రెండు నిమిషాలు ఇలా వచ్చాయి. 11:20:06కి మూడో అంతస్తు స్విచ్‌లో ఒక పోర్టు అప్ అయింది. 11:20:08కి కోర్-1లో మ్యాక్ ఫ్లాప్ మొదలైంది. 11:20:24కి ఫైర్‌వాల్ ఫెయిలోవర్ అయింది. 11:20:47కి ఓఎస్‌పీఎఫ్ తెగింది.

గడియారాలతో సంబంధం లేకుండా దీన్ని సరిచూసుకునే మార్గం ఉందా అని వెతికాను. ఎందుకంటే ఇప్పటివరకు చేసింది కూడా గడియారాల మీద లెక్కే. ప్రోటోకాల్ టైమర్లు సాయం వచ్చాయి. ఓఎస్‌పీఎఫ్ లైన్‌లో డెడ్ టైమర్ అయిపోయిందని కారణం రాసి ఉంది. ఆ లింకులో పొరుగు రౌటర్ ఉన్నానని చెప్పే హలో 10 సెకన్లకోసారి వస్తుంది; హలో లేకుండా ఎంతసేపు ఆగాలో చెప్పే డెడ్ టైమర్ 40 సెకన్లు. అంటే చివరి హలో వచ్చింది 11:20:07కి. పోర్టు అప్ అయిన మరుసటి సెకను అది. ఫైర్‌వాల్ జతలో రెండో యూనిట్ నుంచి 15 సెకన్లపాటు హలోలు రాకపోతే పాత్ర మార్చుకోవాలని సెట్టింగ్ ఉంది. వాటి మధ్య లింకు కూడా కోర్ స్విచ్‌ల మీదుగానే వెళ్తుంది. 11:20:24 నుంచి 15 తీసేస్తే 11:20:09 వస్తుంది. రెండు వేర్వేరు టైమర్లు వెనక్కి తిరిగి ఒకే మూడు నాలుగు సెకన్ల దగ్గర కలిశాయి. నాకు పూర్తి నమ్మకం కుదిరింది అక్కడే.

ఆ పోర్టు ఒక మీటింగ్ రూమ్‌ది. బల్ల కింద మేనేజ్‌మెంట్ లేని చిన్న స్విచ్ ఒకటి ఉంది. దానికి గోడలోని ఒక పోర్టు నుంచి శాశ్వతంగా కేబుల్ ఉంది. అప్పుడప్పుడు ఎవరో ల్యాప్‌టాప్ నుంచి తీసిన కేబుల్ కొసను, వేలాడుతుందని, అదే చిన్న స్విచ్‌లో గుచ్చేవారు. దాని రెండో కొస గోడలోని ఇంకో పోర్టులో ఉంది. దాంతో లూప్ ఏర్పడేది, ప్యాకెట్లు అంతులేకుండా చుట్టూ తిరుగుతూ నెట్‌వర్క్‌ను నింపేసేవి. లూప్‌లను కనిపెట్టే స్పానింగ్ ట్రీ దాన్ని ఆపాలి, కానీ ఆ పోర్టుల మీద దాని సందేశాలను (బీపీడీయూలను) అడ్డుకునే బీపీడీయూ ఫిల్టర్ పెట్టి ఉంది. ఫిల్టర్ ఉన్న పోర్టులో స్పానింగ్ ట్రీ లేనట్టే. కాసేపటికి ఎవరో మళ్లీ కేబుల్ పీకేవారు, నెట్‌వర్క్ దానంతటదే బాగైపోయేది. ఫిల్టర్ తీసేసి, బీపీడీయూ వస్తే పోర్టును మూసే బీపీడీయూ గార్డ్, ప్యాకెట్ల వరదను అదుపుచేసే స్టార్మ్ కంట్రోల్ పెట్టడంతో ఆ భాగం ముగిసింది.

ఫైర్‌వాల్ తనకు చెప్పిన పని తాను సరిగ్గా చేసింది.

సింక్ అయిందని ఫైర్‌వాల్ ఎందుకు చెప్పింది

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించింది ఈ భాగం. టీమ్ ఎన్‌టీపీని తనిఖీ చేయకుండా ఏమీ లేదు. ఫైర్‌వాల్‌లో ఎన్‌టీపీ స్టేటస్ చూశారు, సింక్రనైజ్డ్ అని ఉంది. కాబట్టి సమయం సరైనదే అనుకున్నారు.

అదే స్టేటస్‌లో స్ట్రాటమ్ 9 అని కూడా ఉంది. స్ట్రాటమ్ అంటే అసలు కాల ప్రమాణానికి ఎన్ని మెట్లు దూరంలో ఉన్నామనే లెక్క. జీపీఎస్ లేదా అణు గడియారానికి నేరుగా తగిలించిన సర్వర్‌ది స్ట్రాటమ్ 1. దాని నుంచి తీసుకున్నది 2. అలా 15 వరకు వెళ్తుంది, 16 అంటే సింక్ లేనట్టు. మామూలు ఆఫీసు నెట్‌వర్క్‌లో పరికరాలు 3, 4 దగ్గర కనిపించాలి. 9 కనిపిస్తే మధ్యలో ఎవరో తమ సొంత గడియారాన్ని ప్రమాణంగా ప్రకటించుకున్నారని దాదాపుగా అర్థం.

ఆ పని చేసింది కోర్-2. దానిలో ఎన్‌టీపీ మాస్టర్ అనే కమాండ్ ఉంది. సిస్కోలో విలువేదీ ఇవ్వకపోతే ఆ కమాండ్ పరికరాన్ని స్ట్రాటమ్ 8గా నిలబెడుతుంది. బయటి సర్వర్లు అందుతున్నంతకాలం వాటి స్ట్రాటమ్ తక్కువ కాబట్టి వాటినే వాడుతుంది. అవి అందకపోతే తన సొంత గడియారాన్నే ఇతరులకు పంచడం మొదలుపెడుతుంది, సింక్ అయ్యానని చెబుతూనే. షో ఎన్‌టీపీ అసోసియేషన్స్‌లో నక్షత్రం ఉన్న వరుసలో 127.127.1.1 కనిపించింది. అది పరికరం తనకు తానే సర్వర్ అన్నట్టు. బయటి సర్వర్లకు ఎదురుగా రీచ్ విలువ 0 ఉంది. రీచ్ అనేది చివరి ఎనిమిది ప్రయత్నాల ఫలితాన్ని అష్టాంశ పద్ధతిలో (ఆక్టల్, 0 నుంచి 7 అంకెలతోనే) చూపే సంఖ్య. ఎనిమిదీ విజయవంతమైతే 377. సున్నా అంటే ఒక్కదానికీ జవాబు లేదు.

ఎందుకు జవాబు లేదు? ఆరు వారాల కిందట కరెంటు పనుల కోసం కోర్-2ను ఆపి మళ్లీ ఆన్ చేశారు. ఎన్‌టీపీ ప్యాకెట్లు లూప్‌బ్యాక్ అడ్రస్‌తో (ఏ పోర్టుకూ ముడిపడని, పరికరం స్థిర చిరునామాతో) వెళ్లాలని ఇచ్చిన కమాండ్ ఎప్పుడూ సేవ్ కాలేదు, రీబూట్‌తో పోయింది. ప్యాకెట్లు వేరే అడ్రస్‌తో వెళ్లసాగాయి. ఫైర్‌వాల్ రూల్ లూప్‌బ్యాక్ అడ్రస్‌కే యూడీపీ 123 (ఎన్‌టీపీ వాడే పోర్టు) అనుమతిస్తుంది, కాబట్టి వాటిని అడ్డుకుంది. అలా ఫైర్‌వాల్ కోర్-2ను ఆపింది, కోర్-2 ఫైర్‌వాల్‌కి తప్పు సమయం ఇచ్చింది. రోజుకు 1.7 సెకన్ల చొప్పున ఆరు వారాలకు దాదాపు 71 సెకన్లు. లెక్క సరిపోయింది.

అడ్డుకున్న ప్రతిసారీ ఫైర్‌వాల్ ఒక లైన్ రాసింది కూడా. అందని సర్వర్‌ను ఎన్‌టీపీ 64 సెకన్లకోసారి అడుగుతూనే ఉంటుంది, అంటే ఒక్కో సర్వర్‌కి రోజుకు 1,350 లైన్లు. ఒకే రకం లైన్ వేలసార్లు వస్తే కళ్లు దాన్ని దాటిపోవడానికి అలవాటు పడతాయి. ఇలాంటి వాటిని ఆపేయకుండా లెక్కించి, రోజుకొకసారి టాప్ పదింటిని చూపించే చిన్న రిపోర్టు పెట్టమని నేను ఎక్కడికి వెళ్లినా చెబుతాను.

సర్వర్‌కి చేరని లైన్లు

కోర్-2 కూడా లూప్‌ను చూసింది. అయినా సర్వర్ ఫైల్‌లో దాని నుంచి ఒక్క మ్యాక్ ఫ్లాప్ లైన్ కూడా లేదు. కారణం సివియారిటీ, అంటే మెసేజ్ తీవ్రత స్థాయి. సిస్‌లాగ్‌లో 0 ఎమర్జెన్సీ నుంచి 7 డీబగ్ వరకు ఎనిమిది స్థాయిలు ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ తీవ్రత తగ్గుతుంది. మ్యాక్ ఫ్లాప్ స్థాయి 4, ఓఎస్‌పీఎఫ్ పొరుగు మార్పు స్థాయి 5. కోర్-2లో ట్రాప్ స్థాయిని (ఏ స్థాయి వరకు సర్వర్‌కి పంపాలనే సెట్టింగ్) 3కి, అంటే ఎర్రర్ వరకే తగ్గించి పెట్టారు. నెట్‌వర్క్ పరికరాల్లో అసలు కథ చెప్పే మెసేజ్‌లు చాలావరకు 4, 5 స్థాయిల్లోనే ఉంటాయి. కాన్ఫిగరేషన్ ఎవరు మార్చారో చెప్పే లైన్ కూడా 5లోనే వస్తుంది. డిఫాల్ట్ అయిన 6ను తగ్గించవద్దన్నది నా అభిప్రాయం. శబ్దం ఎక్కువైతే సర్వర్ దగ్గర వడకట్టాలి.

కోర్-1 పంపిన లైన్లలోనూ మధ్యలో కొన్ని లేవు. దానిలో సీక్వెన్స్ నంబర్లు ఆన్ చేసి ఉండటం వల్లనే అది తెలిసింది. నంబర్లు ఒక్కసారిగా కొన్ని దూకాయి. యూడీపీ 514 మీద పంపే సిస్‌లాగ్‌కి చేరిందో లేదో తెలుసుకునే మార్గం లేదు. లూప్ వల్ల నిండిపోయిన నెట్‌వర్క్‌లో ముందు పోయేవి అవే. పోయినవి పరికరం సొంత బఫర్‌లో దొరుకుతాయేమో చూశాం. అది 4,096 బైట్ల పాత డిఫాల్ట్‌లోనే ఉంది, అంటే ముప్పై లైన్లకు మించి పట్టదు. పాతవన్నీ కొత్త మ్యాక్ ఫ్లాప్‌ల కింద చెరిగిపోయాయి. యాక్సెస్ స్విచ్ బఫర్‌లో మాత్రం పోర్టు అప్, డౌన్ లైన్లు భద్రంగా ఉన్నాయి, ఎందుకంటే దానికి రాయడానికి పెద్దగా ఏమీ లేదు.

మార్చినవి

సమయం: బయటి సర్వర్లు నాలుగు ఎంచుకున్నాం. రెండు సర్వర్లు ఉండి అవి విభేదిస్తే ఎవరిది తప్పో తేలదు. మూడుంటే తేలుతుంది గానీ ఒకటి పోతే మళ్లీ మొదటికొస్తాం. 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8633 కూడా కనీసం నాలుగు ఉండాలనే సూచిస్తుంది. కోర్‌లు రెండూ ఆ నాలుగింటి నుంచి తీసుకుంటాయి, మిగతా పరికరాలన్నీ రెండు కోర్‌లనూ అడుగుతాయి. ఎన్‌టీపీ మాస్టర్ రెండింటి నుంచీ తీసేశాం. సమయం అందనప్పుడు పరికరం అందడం లేదని చెప్పడమే నాకు కావాలి. బయటి ప్రపంచంతో సంబంధం లేని మూసి ఉన్న నెట్‌వర్క్‌లో ఆ కమాండ్ అవసరమే, అక్కడ ఒకేచోట, ఎక్కువ స్ట్రాటమ్‌తో పెట్టుకోవచ్చు. కోర్‌లను ఎవరు అడగొచ్చో యాక్సెస్ లిస్ట్‌తో పరిమితం చేశాం. 2014 ప్రాంతంలో తెరిచి ఉన్న ఎన్‌టీపీ సర్వర్లను వాడి చేసిన యాంప్లిఫికేషన్ దాడులు (చిన్న ప్రశ్నకు వచ్చే పెద్ద జవాబులను ఇంకొకరి మీదకు మళ్లించేవి) గుర్తున్నవారికి కారణం వేరే చెప్పక్కర్లేదు.

ఫైర్‌వాల్ గడియారాన్ని ముందుకు జరపడం పని వేళల్లో చేయలేదు. ఎన్‌టీపీ సాధారణంగా 128 మిల్లీసెకన్ల లోపు తేడాను నెమ్మదిగా సర్దుతుంది, అది దాటితే ఒక్కసారిగా దూకిస్తుంది. 76 సెకన్లకు పైగా ఉన్న తేడాను నెమ్మదిగా, సెకనుకు అర మిల్లీసెకను చొప్పున సర్దాలంటే 42 గంటలకు పైగా పడుతుంది. అంతసేపు లాగ్‌లలో ప్రతి లైనుకూ వేరే దిద్దుబాటు లెక్క వేసుకోవాల్సి వచ్చేది. రాత్రి మెయింటెనెన్స్ వేళలో ఒకేసారి దూకించి, దూకిన క్షణాన్ని టికెట్‌లో రాసిపెట్టాం. తర్వాత ఎవరైనా ఆ రాత్రి లాగ్‌లో ఖాళీ చూస్తే కారణం వెంటనే దొరకాలి.

లాగ్: అన్ని పరికరాల్లో టైమ్‌స్టాంప్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో), మిల్లీసెకన్లతో, టైమ్‌జోన్ పేరుతో, సీక్వెన్స్ నంబర్లతో వచ్చేలా చేశాం. స్థానిక సమయం కావాలంటే చూపించే తెరలో మార్చుకోవచ్చు. బఫర్ సైజు పెంచాం. లాగ్‌లు లూప్‌బ్యాక్ అడ్రస్ నుంచే వెళ్లేలా చేశాం. సర్వర్ టెంప్లేట్‌లో ప్రతి లైనుకూ రెండు సమయాలు రాయిస్తున్నాం: పరికరం చెప్పినది, సర్వర్ అందుకున్నది. ఆర్‌సిస్‌లాగ్‌లో రెండూ విడివిడి ప్రాపర్టీలుగా ఉంటాయి, రాయమంటే చాలు. ఆ రెండింటి తేడా రెండు సెకన్లు దాటితే అలర్ట్ వస్తుంది. ఈ కేసులో నేను ఒక్కటే ఎంచుకోవాలంటే దీన్నే ఎంచుకుంటాను. ఎన్‌టీపీ స్టేటస్ ఏం చెప్పినా, తప్పిన గడియారం మొదటి లైన్‌తోనే దొరికిపోతుంది.

ఫైర్‌వాల్ లాగ్‌లను టీఎల్‌ఎస్ (టీసీపీ కనెక్షన్ మీద గుప్తంగా పంపే పద్ధతి) మీద, పోర్టు 6514కి మార్చాలని టీమ్ అడిగింది. మంచిదే, కానీ ఒక సెట్టింగ్ చూసుకోమన్నాను. కొన్ని ఫైర్‌వాల్స్, ముఖ్యంగా సిస్కో ఏఎస్ఏ, టీసీపీ మీద లాగ్ సర్వర్ అందకపోతే డిఫాల్ట్‌గా కొత్త కనెక్షన్లను అనుమతించవు. లాగ్ రాయలేనప్పుడు ట్రాఫిక్ వదలకూడదన్న భద్రతా ఆలోచన అది. లాగ్ సర్వర్ రీబూట్ చేస్తే ఆఫీసంతా ఆగిపోకూడదనుకుంటే ఆ ప్రవర్తనను మార్చే కమాండ్ ముందే ఇవ్వాలి. ఇచ్చాం, సర్వర్‌ను కావాలని ఆపి పరీక్షించాం.

మిగిలినవి యూపీఎస్‌లు, ఏసీ కంట్రోలర్లు. వీటికి ఎన్‌టీపీ లేదు, సంవత్సరం లేని పాత టైమ్‌స్టాంపే పంపుతాయి. వాటిని వేరే గుంపుగా పెట్టి, సర్వర్ అందుకున్న సమయాన్నే అసలు సమయంగా తీసుకోవాలని పార్సర్‌లో రాశాం. అవి చెప్పే సమయాన్ని తేడా అలర్ట్ నుంచి మినహాయించాం గానీ చెరిపేయలేదు.